అరుగు కట్టరాని ఇల్లు

కల్బా,
శుక్రవారం మధ్యాహ్నం.

పెద్దన్నకూ వదినకూ తమ్ముడు లక్ష్మీరాజం రెండు చేతులూ జోడించి మొక్కి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా బాగున్నారని, వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందని, పిల్లలు బడి ఎగ్గొట్టకుండా పోతున్నారని అనుకుంటున్నాను. సుగుణ ఎట్లా ఉంది? మా బిడ్డ జ్యోతికి జ్వరం పూర్తిగా పోయిందా? పోయినసారి ‘కొంచెం తగ్గింది’ అని రాశావు. ఇంత దూరంలో ఉన్నవాడు ఆ ‘కొంచెం’ దగ్గరే ఆగిపోతాడన్నా. తగ్గితే తగ్గిందని రాయి, లేకుంటే లేదని రాయి. నాకు దాపరికం వద్దు.

నా గురించి రంది పెట్టుకోకండి. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. ఎండలు మాత్రం ఇంకా దిగలేదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క చెట్టూ చేమా లేని కొండలు, నడుమ ఈ ఊరు ఉడుకుతూ ఉంటుంది. తలుపు తీస్తే మొహం మీద తడిగుడ్డ కప్పినట్టు గాలి తగులుతుంది. మిషన్ మీద కూచుంటే చెమటచుక్క గుడ్డ మీద పడకుండా చూసుకోవడమే సగం పని. అరబ్బులు తొడిగే పొడుగాటి తెల్లచొక్కాలే మేం కుట్టేది. దానికి ఆవగింజంత మరక అంటినా దుకాణం యజమాని, నాకు వీసా ఇచ్చిన కఫీల్, ఊరుకోడు. మనిషి మంచివాడే, మా దగ్గర కూచుని చాయ్ తాగుతాడు, బిడ్డ ఎట్లా ఉందని అడుగుతాడు. తెల్లగుడ్డ దగ్గర మాత్రం పులి.

తిండికి లోటు లేదు. చేపలు దొరుకుతాయి, బియ్యం దొరుకుతాయి. వదిన పంపిన చింతకాయ తొక్కు అయిపోయింది. చివరికి సీసాలో నీళ్లు పోసి ఊపి, అవి కూడా అన్నంలో కలుపుకున్నాం. ఎవరైనా వస్తుంటే ఇంకో సీసా పంపండి. వదిన చేత్తో పెట్టిందే పంపండి. మీ అత్తగారు పెట్టింది వద్దు. వదిన కోపం చేసుకోకూడదు గానీ, అందులో ఉప్పు తప్ప ఇంకేమీ తగలదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇల్లు అమ్మే కాగితాలు అందాయి, వాటితో పాటు నువ్వు రాసిన ఉత్తరమూ అందింది. అందిన వెంటనే జవాబు రాయలేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. రాయడానికి కూచుని రెండుసార్లు లేచాను. ఇప్పుడు అంతా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మన ఇల్లు అమ్మడం నాకు ఇష్టం లేక కాదన్నా. నాయిన పోయినప్పటి నుంచి ఆ ఒక్క మగ్గం మీద నువ్వు ఎట్లా నెట్టుకొస్తున్నావో నాకు తెలియదా? పగలంతా నేసినా ఉప్పుకూ పప్పుకూ చాలడం లేదు. సిరిసిల్లలో ఎవరిని చూసినా చేతిమగ్గాలు తీసేసి కరెంటు సాంచాలు పెట్టుకుంటున్నారు. ఇల్లమ్మి, ఊరి బయట షెడ్డు వేసి నాలుగు సాంచాలు దింపితే, పక్కనే రెండు గదుల్లో అందరం ఉండొచ్చని నువ్వన్నప్పుడు సరేనన్నది నేనే. కొనేవాణ్ణి వెతికిందీ నేనే. నా గదిలోనే, నా పక్క మంచంలోనే దొరికాడు.

రాజిరెడ్డి పేరు నీకు తెలుసు, మనిషి తెలియదు. జగిత్యాల దిక్కు పల్లెటూరాయన. ఇక్కడ ఒక అరబ్బు ఖర్జూరపు తోటలో నీళ్లు పెడతాడు. నాకంటే పెద్దవాడు, ‘పటేలా’ అని పిలుస్తాను. నేను వండుతాను, ఆయన గిన్నెలు కడుగుతాడు. నాకు కామెర్లు వచ్చినప్పుడు కొండ దగ్గర ఎవరో పసరు ఇస్తారని విని, ఆ ఎండలో నడిచి వెళ్లి తెచ్చాడు. ఆ పసరు తాగలేక కక్కేశాను. అది వేరే సంగతి. ఆయనకు ముగ్గురూ ఆడపిల్లలే. వాళ్లను సిరిసిల్లలో బడికి పంపాలని ఆయన భార్య పట్టు. అందుకే మన ఇల్లు. ఆమె వచ్చి చూసిపోయింది కూడా, నువ్వే చూపించావు. వచ్చింది మిట్టమధ్యాహ్నం, వీధి ఖాళీగా ఉండే వేళ.

ఆయనకు చదువు రాదు. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం ముందు నేను చదివి వినిపిస్తాను, జవాబు ఆయన చెప్తుంటే నేను రాస్తాను. ఆయన భార్య ఎవరితోనో రాయించే మాటలు, ఆయన సిగ్గుపడుతూ చెప్పే మాటలు, అన్నీ నా నోటి మీదుగానే పోతాయి. చదివేటప్పుడు కళ్లు మూసుకుని వింటాడు. ఎప్పుడూ ‘నిజంగ గట్లనే రాసిందా?’ అని అడగలేదు.

ఇప్పుడు మన నేతగాళ్ల సంఘం వాళ్లు పంపిన కాగితం సంగతి. మన కాలనీలో ఇల్లు అమ్మాలంటే సంఘం ‘మాకు అభ్యంతరం లేదు’ అని రాసివ్వాలి. దానికి ముందు, అమ్మేవాడు ఇంటి సంగతులన్నీ కొనేవాడికి చెప్పి, చెప్పానని సంతకం పెట్టాలి. కొనేవాడు విన్నానని సంతకమో వేలిముద్రో వేయాలి. ఇవన్నీ నీకు తెలిసినవే. వరసగా ఎందుకు రాస్తున్నానంటే, ఆ కాగితం చేతిలోకి వచ్చేదాకా నాకే కొన్ని గుర్తు లేవు. పడమటి గోడ పక్కింటివాళ్లతో ఉమ్మడి. బావిలో మనకు భాగం ఉంది గానీ ఎండాకాలం వంతు ప్రకారమే తోడుకోవాలి. వెనక మురుగునీటి మోరీ మూయకూడదు. వంటగది మీద పెంకులు కారుతాయి. అన్నిటికంటే చివరన, ఇంటి ముందరి వీధి పొద్దుటి పూట నూలు పడుగులు సాగదీయడానికి వదలాలి, అరుగు గానీ మెట్లు గానీ రేకుల పందిరి గానీ వీధిలోకి కట్టకూడదు, బండి నిలపకూడదు.

ఆ చివరిది చదివి అట్లాగే కూచుండిపోయాను. మన వీధిలో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పవలసిన సంగతా? పొద్దున లేస్తే గుంజలు పాతి ఉంటాయి, ఈ చివర నుంచి ఆ చివరదాకా నూలు సాగి ఉంటుంది, ఆడవాళ్లూ మగవాళ్లూ కుంచెలతో గంజి పట్టిస్తుంటారు. మనం బడికి పోయేటప్పుడు పలకలు నెత్తిన పెట్టుకుని పడుగు కింద నుంచి దూరిపోయేవాళ్లం. తల తగిలి పోగు తెగితే నాయిన వీపు మోగించేవాడు. గాలికీ వానకూ ఎవరైనా కాగితం రాస్తారా? అందుకే రాజిరెడ్డికి చెప్పాలని నాకు తోచలేదు. ఆయన నెలలుగా మన ఇంటి గురించి మాట్లాడుతున్నా తోచలేదు. ఆయన మాట్లాడేది దేని గురించో తెలుసా అన్నా? అరుగు గురించి.

‘మీ ఇంటి ముంగట అరుగు లేదంట గదా. నేను కట్టిస్త. బండలు పరిపిస్త. తోట పని ఇడిసిపెట్టి పోయినంక, పొద్దుగాల గా అరుగు మీద కూసోని చాయ్ తాగుత. బిడ్డలు నా ముంగటికెల్లి బడికి పోవాలె’ అంటాడు. పక్కనే రేకులు దింపి ట్రాక్టరు పెట్టుకుంటాడట. ఎన్నిసార్లు విన్నానో. వింటూ ‘ఔ పటేలా’ అంటూ వచ్చాను.

నువ్వు రాసిన మాటలు మళ్లీ నీకే రాయడం నాకు బాధగానే ఉంది. ‘రాజిరెడ్డికి అక్షరం ముక్క రాదు గదా, చదివేది నువ్వే. పైవన్నీ చదువు, ఆఖరుది వదిలెయ్. వేలిముద్ర పడ్డంక అది వాని తిప్పలు’ అన్నావు. ఇంకో మాట కూడా రాశావు. వీధిలో ఇప్పుడు పడుగు వేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు, నాలుగేళ్లు పోతే ఒక్కరూ ఉండరు, లేకుండా పోయేదాని కోసం ఉన్న బేరం చెడగొట్టుకోవడం ఎందుకని.

అన్నా, మొదటి మాట చదివి నాకు కోపం వచ్చింది. రెండో మాట చదివి కోపం పోయి దుఃఖం వచ్చింది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఇద్దరు ముగ్గురిలో నర్సవ్వ పెద్దమ్మ ఉంది గదా? అమ్మ పోయాక మనిద్దరికీ పూటపూటా గిన్నెలో అన్నం తెచ్చి పెట్టిన మనిషి. పెద్దయ్యకు చూపు సరిగా లేదు, వాళ్లు ఈ వయసులో సాంచాలు పెట్టలేరు, కూలికి పోలేరు. ఆమె పడుగు మన గడప ముందు నుంచే కదా సాగేది. అక్కడ ఒక అరుగు లేచిందంటే ఆ రోజు నుంచి ఆమె మగ్గం నిలిచిపోతుంది. రాజిరెడ్డి చెడ్డవాడు కాదు, కానీ పైసలు పోసి కొన్నవాడు తన ఇంటి ముందు తాను అరుగు కట్టుకుంటే తప్పేమిటంటాడు. ఆమె గుంజ పాతుతానంటుంది, ఈయన పీకుతానంటాడు. ఇద్దరూ మన మనుషులే, ఇద్దరికీ న్యాయముంటుంది, తప్పు మాత్రం మనది అవుతుంది. నువ్వు నెమ్మదిగా ఆలోచిస్తే ఇట్లాగే అంటావు. అవసరం నెత్తి మీద కూచున్నప్పుడు ఎవరికీ నెమ్మది ఉండదు, అది నాకు తెలుసు.

పోయిన శుక్రవారం భోజనాలయ్యాక కాగితం తీశాను. రాజిరెడ్డి గోడకు ఆనుకుని ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు. గోడ సంగతి, బావి సంగతి చదివాను. పెంకులు కారతాయంటే నవ్వాడు. ‘ఇల్లన్నంక కారదా? మా ఊళ్లె నెత్తి మీదనే కారుతది’ అన్నాడు. మోరీ అయిపోయింది. అక్కడ మడిచి జేబులో పెట్టుకుంటే సరిపోయేదన్నా. నిజం చెప్తున్నాను, చెయ్యి మడవడానికి పోయింది. నీ ముఖం, షెడ్డు, జ్యోతి, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

కళ్లు తెరవకుండానే అడిగాడు. ‘అయిపోయిందా?’

‘ఇంకొకటున్నది పటేలా.’

‘సదువు మరి, ఆగినవెందుకు?’

చదివాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. పడుగంటే ఏమిటో వ్యవసాయదారుడికి ఏం తెలుస్తుంది? ‘బట్ట ఇంట్ల నేస్తరు గదా, వీధి తోటి ఏం పని?’ అన్నాడు. నోటితో ఎంత చెప్పినా ఎక్కలేదు. సాయంత్రం చల్లబడ్డాక సముద్రం ఒడ్డుకు తీసుకుపోయాను. అక్కడ చేపలవాళ్లు వలలు బాగుచేసుకోవడానికి ఇసుక మీద పొడుగ్గా పరిచి ఉంచుతారు. అరబ్బుల పికప్ బండ్లు వలల దాకా వచ్చి, తొక్కకుండా చుట్టూ తిరిగి పోతుంటాయి.

‘గీ వల ఎంత పొడుగున్నది పటేలా? మా పడుగు గింతకంటె పొడుగుంటది. గంజి ఆరేదాంక దాని మీద కాలు పడొద్దు, బండి పోవద్దు. నడుమల మనం అరుగు కడితె అది సాగనే సాగది’ అన్నాను.

వల పొడుగునా చివరిదాకా నడిచి వెళ్లాడు. మళ్లీ నడిచి వచ్చాడు.

‘అంటె అరుగు కట్టరాదు.’

‘కట్టరాదు.’

‘ట్రాక్టరు?’

‘అది గూడ పెట్టుకోరాదు. ఎనుక దిక్కు జాగ లేదు.’

‘నా ఇంటి ముంగట నాకు జాగ లేదు.’

‘లేదు పటేలా.’

‘మరి నేను గిన్ని దినాలు అరుగు అరుగు అంటుంటె నువ్వు ఔ ఔ అంటివి గదా?’

నాకు తోచలేదని చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. ఆ పూట గిన్నెలు కడిగి, చాప తీసి బయట వేసుకున్నాడు. మర్నాడు ఆయనకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. అది తీసుకుని బజారులో కిరాణా దుకాణంలో ఉండే నిజామాబాదు ఆయన దగ్గరికి పోయి చదివించుకున్నాడు. నాకు చెప్పుతో కొట్టినట్టయింది. కానీ కోపం రాలేదు. ఒక మనిషి కళ్లు మూసుకుని వినడం మానేస్తే ఎట్లా ఉంటుందో ఆ వారమంతా చూశాను. అన్నం వండుతాను, ఇద్దరం తింటాం, ‘ఇంత కూర ఏసుకో’ అంటాడు. అంతే.

నిన్న పొద్దున పనికి పోతూ గడపలో నిలబడి చెప్పాడు. ‘లచ్చీరాజం, నేను సోంచాయించిన. ఇల్లు ఒద్దు అంటలేను, కావాలె అంటలేను. నా పెండ్లం మధ్యానం సూసొచ్చింది. నేను పొద్దుగాల పోయి సూస్త. గా ముసలమ్మ పడుగు ఏసేటప్పుడు నిలబడి సూస్త. సూసినంకనే ఏలుముద్ర.’

అదీ సంగతి. కాగితం మీద నా సంతకం పెట్టి, దుబాయ్ దాకా పోయి కాన్సులేటులో ముద్ర వేయించాను. చివరిది కూడా చెప్పాననే పెట్టాను. ఆయన వేలిముద్ర జాగా ఖాళీగా ఉంది. పడొచ్చు, పడకపోవచ్చు. నా మనసుకైతే పడదనే అనిపిస్తోంది. అరుగు మీద అంత ఆశ పెట్టుకున్న మనిషి.

అందుకే ఇంకో పని చేశాను. నువ్వు తిడతావు, తిట్టు. ఈ ఏడు వచ్చేస్తాను, షెడ్డులో నీతో పాటు సాంచాలు నడుపుతాను అనుకున్నాం కదా. బేరం కుదరకపోతే షెడ్డు దేనితో పడుతుంది? మా కఫీల్‌తో మాట్లాడి ఇంకో రెండేళ్లకు ఒప్పుకున్నాను. ఆయన సంతోషపడి చేతిలో చెయ్యి వేసి ‘ఖలాస్’ అన్నాడు, ఇక మాట ఖాయమని. బయటికి వచ్చి దుకాణం వెనక కొంచెంసేపు నిలబడ్డాను. జ్యోతి పుట్టాక దాని మొహం ఫోటోలో తప్ప చూడలేదు. ఇప్పుడు మాటలు కూడా వస్తున్నాయని రాశారు. క్యాసెట్‌లో దాని మాటలు నింపి పంపండి, ఎవరిదైనా టేప్‌రికార్డర్ అడిగి తీసుకోండి. ఏడ్చినా సరే పంపండి. సుగుణకు వేరే ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. ఈ రెండేళ్ల సంగతి ఆమెకు ముందుగా నువ్వు చెప్పవద్దు. వదిన దగ్గర కూచుని చదవనివ్వండి. ఆ రోజు ఆమెకు పని చెప్పకండి.

నెల నెలా పంపేది ఎప్పటిలాగే పంపుతాను. మగ్గం నిలపకు. రాజిరెడ్డి వద్దంటే మన సంఘంలోనే నేసేవాళ్లెవరైనా తీసుకుంటారేమో అడిగి చూడు. తక్కువకు పోయినా సరే, వాళ్లకు వీధి సంగతి చెప్పే అవసరం ఉండదు. నామీద కోపం ఉంటే ఉత్తరంలో రాయి, ఉత్తరం రాయకుండా మాత్రం ఉండకు.

నర్సవ్వ పెద్దమ్మకూ పెద్దయ్యకూ నా దండాలు చెప్పు. పెద్దయ్య కంటికి మందు, పిల్లలకు బట్టలు, వదినకు నొప్పులకు రాసుకునే నూనె పంపుతున్నాను. మార్కండేయ గుడిలో నా పేరున ఒక కొబ్బరికాయ కొట్టించండి. మీ దీవెన ఉంటే ఈ రెండేళ్లు కూడా గడిచిపోతాయి.

ఆఖరికి ఒక మాట. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రాజిరెడ్డికి సెలవు దొరికింది, సామానుతో పాటు ఇదీ ఆయన చేతికే ఇస్తున్నాను. పొద్దున పడుగు వేళకు ఇంటికి వస్తాడు, వీధి చూపించు, వదినతో చాయ్ పెట్టించు. నువ్వు నాకు ఇచ్చిన సలహా సంగతి ఆయనకు నేను చెప్పలేదు. ‘మీ అన్నకు గిన్ని కాయితాలు ఏం రాసినవు?’ అని అడిగాడు. ‘మా అన్ననే సదివి ఇనిపించుమను పటేలా’ అన్నాను. అన్నాను గనక అడుగుతాడు. నీ ముందు కూచుంటాడు. నా దగ్గర మానేశాడు గానీ, నీకు పెద్దరికం ఇచ్చి కళ్లు మూసుకుంటాడు. ఎక్కడిదాకా చదువుతావో నీ ఇష్టం అన్నా.

నీ కాళ్లకు మొక్కుతూ,
నీ తమ్ముడు
లక్ష్మీరాజం